నీళ్ళకు తోడొచ్చిన కూలెంట్: మంచుదేశం నుంచి మన షెడ్డు దాకా

నేరేడుచర్ల చుట్టుపక్కల ట్రాక్టరో వరికోత మిషనో ఉన్న ప్రతి ఇంటికీ కూలెంట్ డబ్బా తెలుసు. పచ్చగానో ఎర్రగానో ఉండే ఆ ద్రవం ఇంజన్‌ను చల్లబరచడానికే పుట్టిందనుకుంటాం. నిజానికి అది పుట్టింది ఇంజన్‌లో నీళ్ళు గడ్డకట్టకుండా చూడటానికి. సంక్రాంతి చలిలోనైనా మన దగ్గర నీళ్ళు గడ్డకట్టేది ఫ్రిజ్‌లోనే. మరి మంచుదేశాల మందుకు మే నెల ఎండల్లో మండిపోయే మిర్యాలగూడ - కోదాడ రోడ్డు మీద పనేమిటి?

మొదటి మోటారు కార్లకు రేడియేటరే లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న బండిలో నీళ్ళు మరిగి ఆవిరైపోతుంటే మళ్ళీ మళ్ళీ పోయాల్సి వచ్చేది. ఆ బాధ తప్పించినవాడు విల్‌హెల్మ్ మేబాఖ్. 8,070 సన్నని గొట్టాలను తేనెపట్టులా పేర్చి రేడియేటర్ చేశాడు. దాన్ని బిగించిన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ 1901 మార్చిలో ఫ్రాన్స్‌లోని నీస్ పోటీల్లో మిగతా బండ్లన్నిటినీ వెనక్కి నెట్టింది. వేడి సమస్య ఒక దారికి వచ్చింది. చలి సమస్య మాత్రం అట్లాగే ఉండిపోయింది.

నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. పోత ఇనుముకు సాగే గుణం లేదు. ఒక్క రాత్రి మంచుకు ఇంజన్ బ్లాకు నిలువునా పగిలిపోయేది. అందుకని చలిదేశాల్లో కార్లున్నవాళ్ళు సాయంత్రం నీళ్ళు వదిలేసి, పొద్దున్నే కాచిన నీళ్ళు పోసుకునేవారు. ఆ చాకిరీ తప్పించుకోవడానికి దొరికినవన్నీ కలిపి చూశారు. కాల్షియం క్లోరైడ్ ఉప్పు కలిపితే లోహాన్ని తినేసింది. తేనె, చక్కెర పాకం కూడా పోసి చూశారు. ఆల్కహాల్ బాగానే పనిచేసింది కానీ, ఇంజన్ వేడెక్కితే నీళ్ళకంటే ముందే ఆవిరైపోయేది. గ్లిజరిన్ చిక్కన, పైగా ఖరీదు.

అసలు సరుకు అప్పటికే పుట్టి ఉంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షార్ల్ అడోల్ఫ్ వుర్ట్జ్ 1856లోనే ఇథిలిన్ గ్లైకాల్ తయారు చేశాడు. దశాబ్దాల పాటు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు పదార్థాల తయారీలో గ్లిజరిన్‌కు బదులుగా అక్కరకొచ్చింది. 1927లో అమెరికాలో యూనియన్ కార్బైడ్ దాన్ని 'ప్రెస్టోన్' పేరుతో కార్ల కోసం బజారులో పెట్టింది. మన ఇళ్ళల్లో టార్చిలైట్లకు ఎవరెడీ బ్యాటరీలు ఇచ్చిందీ, 1984లో భోపాల్‌ను మృత్యుకూపం చేసిందీ ఆ సంస్థే.

గ్లైకాల్‌లో ఒక తమాషా ఉంది. వట్టి నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర, వట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గర గడ్డకడతాయి. రెండూ సగం సగం కలిపితే మాత్రం మైనస్ 37 దాకా గడ్డకట్టవు. ఒకదాని అణువులు ఇంకోదాని అణువులను వరుసగా పేరుకోనివ్వవు, అదే కిటుకు. ఆ మిశ్రమం మరగడానికి కూడా 107 డిగ్రీల దాకా రావాలి. రేడియేటర్ మూత బిగించి ఒత్తిడి పెంచితే ఇంకా పైకి పోతుంది. చలికని వచ్చిన మందు ఎండకూ పనికొస్తుందని అట్లా తేలింది.

ఇంత మేలైన సరుకును రేసు ట్రాకులు చాలావరకు గుమ్మం తొక్కనివ్వవు. గ్లైకాల్ జారుడు సరుకు, రోడ్డు మీద పడితే తొందరగా ఆరదు. ఒక బండి పైపు పగిలితే వెనకొచ్చే బండ్లన్నీ జారిపోతాయి. అందుకే చాలా రేసు కార్లలో డిస్టిల్డ్ వాటర్, దాంట్లో తుప్పు పట్టనివ్వని మందు, అంతే. పైగా వేడిని మోసుకుపోవడంలో వట్టి నీళ్ళే మెరుగు. చిక్కంతా సీజను ముగిశాక. అమెరికా, యూరప్‌లలో చలికాలమంతా ఆ బండి చల్లటి షెడ్డులో పడి ఉంటుంది.

అప్పుడు రేడియేటర్ కింది పైపు ఊడదీస్తే సరిపోదు. బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ప్లగ్గులు కూడా విప్పాలి. ఆ రంధ్రానికి మడ్డి అడ్డుపడి ఉంటే తీగతో పొడవాలి. నీటి పంపులో, వంపుల్లో మిగిలిన నీళ్ళను గాలి కొట్టి వెళ్ళగొట్టాలి. లేదంటే సగం సగం గ్లైకాల్ మిశ్రమం పోసి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజన్ నడిపి, అది మూలమూలకూ చేరాక ఆపాలి. మళ్ళీ రేసుకు దిగే ముందు శుభ్రంగా కడగాలి. బ్లాకుకు ఉండే గుండ్రటి రేకు బిళ్ళలు ఊడిపోయి ఇంజన్‌ను కాపాడతాయని నమ్మేవాళ్ళున్నారు. అవి పోతపోసినప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలిన రంధ్రాల మూతలు. వాటిని నమ్ముకుంటే ఇంజన్ దక్కుతుందన్న భరోసా లేదు.

ఇక మన సంగతి. సాగర్ ఎడమ కాలువ కింద వరికోత మిషన్లకు వానాకాలం, యాసంగి కోతలు రెండే సీజన్లు. మిగతా కాలమంతా షెడ్డులోనే. రేసు కారుకు చలికాలం ఎట్లాగో, దీనికి ఆ ఖాళీ నెలలు అట్లా. వట్టి నీళ్ళు పోయమని రేసు కారుకు నిబంధన ఉంటే, ఇక్కడ పక్కనున్న బోరు నీళ్ళు పోయడం అలవాటు. హుజూర్‌నగర్, మేళ్ళచెరువు వైపు సున్నపురాయి నేల. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలే అందుకు సాక్ష్యం. అట్లాంటి నేలలో ఊరిన నీళ్ళు వేడెక్కితే రేడియేటర్ సన్నగొట్టాల్లో సున్నం పేరుతుంది. నిలవున్న నీళ్ళకు తుప్పు తోడవుతుంది. ఏప్రిల్‌లో యాసంగి కోత నడుమ ఇంజన్ మరిగి, హెడ్ గ్యాస్కెట్ పోయేది ఇందువల్లే. డీజిల్ ఇంజన్ అదురుకు లైనర్ పక్కన నీళ్ళలో బుడగలు పుట్టి పేలుతూ ఇనుమును గుంటలు గుంటలుగా తొలిచేస్తాయి కూడా. దీనికీ తుప్పుకూ విరుగుడు కూలెంట్‌లో కలిపే మందులే. మనం డబ్బు పెట్టేది ఎక్కువగా వాటికోసమే, మంచుకోసం కాదు.

కూలెంట్ రంగు చూసి కొనకండి, రంగు కంపెనీ ఇష్టం. మీ ఇంజన్ పుస్తకంలో రాసిన రకమే తీసుకోండి. బోరు నీళ్ళు వద్దు, డిస్టిల్డ్ వాటరే కలపండి. తీసేసిన పాత కూలెంట్‌ను కాలువ గట్టున పారబోయకండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, నాకిన కుక్కా తాగిన దూడా బతకడం కష్టం. కోతలయ్యాక మిషన్‌ను షెడ్డుకు చేర్చేవాళ్ళు ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడాలి. లోపల తుప్పు రంగు నీళ్ళుంటే అప్పుడే కడిగి కూలెంట్ పోయించుకుంటే, వచ్చే కోతలో గ్యాస్కెట్ ఖర్చూ, మిషన్ ఆగిన రోజుల కిరాయీ మిగులుతాయి.