పొగ వెనుక మనుషులు

పారిస్ వాయవ్య సరిహద్దును ఆనుకుని, సేన్ నది కుడిగట్టున క్లిషీ పట్టణం ఉంది. మూడు చదరపు కిలోమీటర్ల నేలమీద 60 వేలకు పైగా జనం కిక్కిరిసి బతుకుతున్నారు. పారిస్ అనగానే చిత్రకళను, కవిత్వాన్ని తలచుకునే మనం, ఆ వైభవానికి చాకిరీ చేసిన ఇలాంటి శివార్లను తలచుకోము. క్లిషీ చరిత్ర సాహిత్య విద్యార్థికి అవసరమని నేననుకోవడానికి కారణం ఇదే.

1884లో జార్జ్ సెరా “ఆనియేర్‌లో స్నానాలు” చిత్రం పూర్తిచేశాడు. రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. పౌరాణిక, చారిత్రక ఘట్టాలకు కేటాయించే అంతటి కాన్వాసు మీద నదిగట్టున సేదదీరే సామాన్యులను కూర్చోబెట్టాడు. అధికారిక ప్రదర్శన అయిన సలోన్ దాన్ని తిరస్కరించింది. చిత్రంలో దూరాన, వంతెన వెనుక, పొగ కక్కే గొట్టాలు క్లిషీ ఫ్యాక్టరీలవి. తర్వాత సిన్యాక్, వాన్ గో కూడా ఈ పారిశ్రామిక క్లిషీని చిత్రించారు. ఫ్యాక్టరీని కళలోకి తెచ్చిన ఘనత వీరిది. అయినా పొగ కనిపించినంతగా, పొగ కింద మనిషి కనిపించలేదు.

ఆ మనిషి పని ఎలాంటిది? 19వ శతాబ్ది ఆరంభంలో, తెనార్ అనే రసాయన శాస్త్రవేత్త రూపొందించిన విధానంతో, రోఆర్ అనే యజమాని క్లిషీలో సీసపు తెలుపు తయారీ మొదలుపెట్టాడు. దానికి “క్లిషీ పద్ధతి” అనే పేరు స్థిరపడింది. గోడలకు పూసే రంగుల్లోనూ, చిత్రకారుల రంగుల్లోనూ ఆనాడు విరివిగా వాడిన తెలుపు ఇదే. ఈ పరిశ్రమల్లో సీసపు ధూళి ఒంట్లో చేరి కార్మికులకు భరించరాని కడుపునొప్పి వచ్చేది, చేతులు చచ్చుబడేవి. టాంక్రెల్ దే ప్లాంష్ అనే వైద్యుడు 1839లోనే సీసపు వ్యాధులపై పెద్ద గ్రంథం రాశాడు. రంగుల పనిలో దాని వాడకాన్ని నిషేధిస్తూ చట్టం చేయడానికి 1909 దాకా, అది అమలు కావడానికి 1915 దాకా పట్టింది. శాస్త్రానికి తెలిసిన సత్యాన్ని లాభం ఇంతకాలం ఆపగలిగింది.

రోగిని దగ్గరగా చూసిన రచయిత కూడా ఉన్నాడు. 1929 నుంచి 1937 దాకా సెలీన్ క్లిషీ మునిసిపల్ వైద్యశాలలో డాక్టరు. 1932 నాటి అతని తొలి నవలలో శివారు పేదల జీవితం వారి నోటి భాషలోనే పలికింది. అదే సెలీన్ 1937లో యూదుల మీద విషం చిమ్ముతూ పుస్తకం రాశాడు. దుఃఖాన్ని చూసి దాని మూలాన్ని చూడనివాడు శత్రువును తప్పుగా ఎంచుకుంటాడని నా అభిప్రాయం.

ఆ సంవత్సరమే మార్చి 16న, కర్నల్ దె లా రోక్ నాయకత్వంలోని మితవాద పార్టీ క్లిషీలో సినిమా ప్రదర్శన పెట్టింది. నిరసనగా వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్చారు. కనీసం ఐదుగురు చనిపోయారు, వందలాదిమంది గాయపడ్డారు. అధికారంలో ఉన్నది కార్మికులు ఓట్లేసి గెలిపించుకున్న పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వమే! ప్రధాని లియోన్ బ్లుమ్ ఒపేరా నుంచి ఆ దుస్తుల్లోనే ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆ రాత్రి క్లిషీ జనం ఎవరి చిత్రంలోనూ నేపథ్యం కారు, ఎవరి చికిత్సకూ ఎదురుచూసే రోగులూ కారు. చరిత్రలో తమ పాత్ర తామే తీసుకున్నవాళ్లు.

దూరపు పొగను చిత్రించడం ఒక మెట్టు, రోగి బాధను రాయడం మరో మెట్టు. వీధిలోకి వచ్చిన మనిషిని అతని ఆలోచనతో సహా రాయడం మూడో మెట్టు. మనం రాస్తున్న కథ ఏ మెట్టు మీద ఆగిందో ఎవరికి వారు పరీక్షించుకోవాలి.