శాంతిభద్రతల విధుల్లో మహిళలు (హైదరాబాద్)

పోలీసు శాఖలో మహిళల సంఖ్య పెరగాలి, పోలీసులే నేరం చేస్తే శిక్ష పడాలి. స్త్రీల భద్రతకు ఈ రెండూ అవసరమని హైదరాబాద్ చరిత్రతో పాటు ఇతర చోట్ల జరిగిన ఘటనలూ చెబుతున్నాయి.

నల్లకుంట ఉదంతం

1978 మార్చి చివర్లో నల్లకుంట ఠాణాలో పోలీసులు ఒక మహిళపై అత్యాచారం చేశారని, రిక్షా కార్మికుడైన ఆమె భర్తను కొట్టి చంపారని ఆరోపణలు రావడంతో నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. కేసు రాయచూరు కోర్టుకు బదిలీ కాగా, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఈ ఉదంతం, మహారాష్ట్రలో పోలీసులపైనే అత్యాచార ఆరోపణలు వచ్చిన మథుర కేసు రేపిన ఆందోళనల ఫలితంగా 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్లయింది. అలాంటి కేసుల్లో లైంగిక చర్య రుజువై, తాను సమ్మతించలేదని బాధితురాలు చెబితే, కోర్టు సమ్మతి లేదనే భావించాలి.

లైబీరియా, వాకపల్లి

ఐక్యరాజ్యసమితి శాంతిదళాలపైనా ఇలాంటి ఆరోపణలు వచ్చాయి. సిబ్బంది లైంగిక దోపిడీకి పాల్పడరాదని 2003లో సెక్రటరీ జనరల్ ఉత్తర్వులిచ్చారు. ఇక శాంతిదళాల్లో మహిళల విషయానికొస్తే, 2007 జనవరిలో భారత్ సీఆర్పీఎఫ్ మహిళలను లైబీరియాకు పంపింది. శాంతిదళాల చరిత్రలో పూర్తిగా మహిళలతో కూడిన తొలి పోలీసు దళం అదే. అదే ఏడాది ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో మావోయిస్టుల ఏరివేతకు ఏర్పాటైన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఆరోపించారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేస్తూ, దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలంది.

ఎల్బీ నగర్

హైదరాబాద్‌లో 2014 అక్టోబర్ 24న పోలీసు అధికారి స్వాతి లక్రా ఆధ్వర్యంలో, మహిళలను వేధించేవారిని పట్టుకునే షీ టీమ్స్ మొదలయ్యాయి. 2016లో రాచకొండ కమిషనరేట్ ఏర్పడ్డాక ఎల్బీ నగర్ ప్రాంత బాధ్యత అక్కడి బృందాలకు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట కోచింగ్ సెంటర్లు, లేడీస్ హాస్టళ్లు, బస్టాప్‌ల దగ్గర వేధింపులు ఎక్కువ. షీ టీమ్ సిబ్బంది మఫ్టీలో జనంలో కలిసి నిలబడతారు, ఆకతాయిల చేష్టలను వీడియో తీస్తారు, సాక్ష్యంతో పట్టుకుంటారు.

చీకటి పడ్డాక మహిళను అరెస్టు చేయరాదని, తప్పనిసరైతే మేజిస్ట్రేట్ అనుమతితో మహిళా అధికారే చేయాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2005లో చేసిన సవరణ చెప్పింది. అయినా 2023 ఆగస్టు 15 రాత్రి ఎల్బీ నగర్ పోలీసులు తనను ఠాణాకు తీసుకెళ్లి కొట్టారని ఒక లంబాడా మహిళ ఆరోపించింది. హెడ్ కానిస్టేబుల్‌తో పాటు ఒక మహిళా కానిస్టేబుల్ సస్పెండయ్యారు. హైకోర్టు సుమోటోగా విచారణ చేపట్టింది. ఠాణాలో మహిళా సిబ్బంది ఉంటే బాధితురాలికి గోడు చెప్పుకొనే ధైర్యం వస్తుంది. ఆ గోడుకు న్యాయం జరగాలంటే మాత్రం, నిందితుల శాఖతో సంబంధం లేని అధికారులు వెంటనే దర్యాప్తు చేపట్టాలి.