సామల్పట్టి నుంచి తిరపతికి: పిల్లకాయలతో సెలవు ప్రయాణాలు

సామల్పట్టి చిన్న స్టేషను. జోలార్‌పేట, సేలం నడుమ ఉండే ఈ దారి మద్రాసు రైల్వే కంపెనీ వేసింది. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా బండి నడిపిన ఆ కంపెనీ, పట్టాలను పడమటి సముద్రం వైపు పొడిగిస్తూ 1860ల మొదట్లో మన బారామహల్ మీదుగా పోయింది. బెంగుళూరు దారి 1864లో జోలార్‌పేట నుంచి చీలింది. మరి అప్పటినుంచే మన పెద్దలు చిత్తూరు, తిరపతి చుట్టాల ఇండ్లకు సుఖంగా రైల్లో పోయినారా అంటే, లేదు. కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల మీదుగా పట్టాలు పడేసరికి 1891 వచ్చింది. పడినవి కూడా మీటర్ గేజి.

ఈ గేజి సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. పిల్లల తల్లులు పడిన కష్టమంతా అక్కడే ఉంది. మన మెయిన్ లైను బ్రాడ్ గేజి, పట్టాల నడుమ ఎడం అయిదున్నర అడుగులు. సౌత్ ఇండియన్ రైల్వే వేసిన పాకాల దారిలో ఆ ఎడం మూడడుగుల మూడంగుళాల పైచిలుకు. ఒక దాని మీద నడిచే బండి ఇంకొక దాని మీద నడవదు కదా. కాట్పాడిలో అందరూ దిగి బండి మారాల్సిందే. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, మరచెంబు, సద్దిమూట, వీటన్నిటితో పాటు నిద్దరలో ఉండే బిడ్డలు. మా ఇంట్లో పాతవాళ్ళ మాట ఒకటుంది: "ముందు తలకాయలు లెక్కబెట్టు, ఆమీట మూటలు." ఇప్పటికీ మేము ఏ స్టేషన్లో దిగినా అదే చేస్తాము.

కృష్ణగిరి వాళ్ళకు ఇంకా పెద్ద తంటా. 1905లో అక్కడినుంచి తిరుపత్తూరుకు రెండున్నర అడుగుల బుల్లి బండి వచ్చింది. అంటే తిరపతికి పోవాలంటే బుల్లి బండి, బ్రాడ్ గేజి, మీటర్ గేజి, మూడు రకాల పట్టాలు! రెండో ప్రపంచ యుద్ధం నడిచేటప్పుడు, 1941లో ఆ బుల్లి బండి నిలిచిపోయింది. ఆ తర్వాత జిల్లా కేంద్రమైన కృష్ణగిరికి మళ్ళీ రైలు రానే లేదు. మొరప్పూరు నుంచి హోసూరుకు పోయే చిన్న లైనుకూ అదే గతి పట్టింది.

బండి లోపలి సంగతి చూస్తే, చాన్నాళ్ళు మూడో తరగతి పెట్టెల్లో మరుగుదొడ్డే లేదు. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు, అవసరానికి దిగినప్పుడు బండి తన్ను విడిచిపోయిందని రాసిన అర్జీ చదివి జనం ఇప్పుడు నవ్వుకుంటారు. చంటిబిడ్డతో పోయే తల్లికి అందులో నవ్వొచ్చేదేమీ లేదు. 1974లో మూడో తరగతి అనే పేరు పోయింది. మధు దండవతే మంత్రిగా ఉన్నప్పుడు, 1977 తర్వాత, రెండో తరగతి చెక్క బల్లలకు మెత్తలు పడినాయి. మా ఇంట్లో అయితే పై బెర్తుకు పాతచీర కట్టి ఉయ్యాల వేసేవాళ్ళు. 2022లో లక్నో మెయిల్లో చంటిబిడ్డల బెర్తు పెట్టి చూసినారని విన్నప్పుడు ఆ చీరే గుర్తొచ్చింది.

కాట్పాడి-తిరపతి దారి బ్రాడ్ గేజి అయినాక ఆ పాట్లు పోయినాయి. కొత్తవి లేకపోలేదు. 2016 ఏప్రిల్ నుంచి, అయిదేళ్ళు నిండి పన్నెండు నిండని బిడ్డకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. సగం టికెట్టు కొంటే ప్రయాణం ఉంది, బెర్తు లేదు. ఇద్దరు పిల్లలుండే ఇంట్లో ముందు ఈ లెక్క తేలాలి. 2024 నవంబరు నుంచి టికెట్టు 60 రోజుల ముందే తెరుస్తారు, అంతకు ముందు 120 రోజులుండేది. ఉగాదికి తమిళనాడులో సెలవు ఉన్నా ఒక్కరోజే, పోయి రావడానికి చాలదు. సంక్రాంతికి, ఇక్కడి పొంగలుకు రెండు పక్కలా ఒకటే రద్దీ. అందుకే మేము ఎండాకాలం సెలవులనే నమ్ముకున్నాము. పగటి బండే పట్టుకుంటాము. ఎండ కొట్టినా కాట్పాడిలో గంటసేపు కూర్చొని సద్ది తిని లేస్తాము. కూడు పులిహోర, బొరుగులు. పెరుగన్నం మధ్యాహ్నం లోపలే అయిపోవాలి.

పగటి బండి పట్టేదానికి ఇంకొక కారణం ఉంది. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావడం మంచిదే, మనం బతికే నేల అది. కానీ మన జిల్లాలో తెలుగు మీడియం బడుల్లో చదివిన వాళ్ళ పిల్లలే ఇప్పుడు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అక్షరం చదవలేరు. సామల్పట్టి నుంచి కాట్పాడి దాకా బోర్డులన్నీ వాళ్ళే గడగడా చదువుతారు. చిత్తూరు దగ్గర తెలుగు అక్షరాలు మొదలయ్యేసరికి నోరు మూతపడుతుంది. పోయినసారి మేము ఒక నోటుబుక్కులో చిత్తూరు, పాకాల, పనపాకం, చంద్రగిరి, తిరుపతి అని పెద్దగా రాసి ఇచ్చి, బోర్డు కనబడితే పక్కన టిక్కు పెట్టమన్నాము. చిన్నది పాకాల దగ్గర 'పా' గుర్తుపట్టింది. చంద్రగిరి కోట వచ్చేసరికి నిద్దరపోయింది.