డెట్రాయిట్ గాడి, బెర్లిన్ నేలమాళిగ

డెట్రాయిట్ విమానాశ్రయానికి పడమటి వైపున బెల్‌విల్ అనే చిన్న ఊరుంది. దానికి కాస్త ఉత్తరాన ఉన్న కాంటన్‌లో తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. కార్ల కంపెనీల ఉద్యోగాలు వాళ్లను అటు తీసుకెళ్లాయి. బెల్‌విల్‌కు మాత్రం పేరు తెచ్చింది సంగీతం. 1970ల చివర్లో అక్కడి హైస్కూల్లో కలిసిన ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు వాన్ యాట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. ఎలెక్ట్రిఫయింగ్ మోజో అనే రేడియో డీజే ఒకే రాత్రి జర్మనీ వాళ్ల క్రాఫ్ట్‌వర్క్‌నూ అమెరికా ఫంక్ పాటలనూ కలిపి వినిపించేవాడు. వీళ్లు పెరిగింది ఆ రేడియో వింటూనే. యాట్కిన్స్ సైబోట్రాన్ బృందంతో 1981లో తొలి రికార్డు తెచ్చాడు, 1985లో మెట్రోప్లెక్స్ అనే సొంత లేబుల్ పెట్టాడు. 1988లో డెట్రాయిట్ పాటలను ఒక బ్రిటిష్ సంస్థ సంకలనంగా వేసినప్పుడు దాని అట్ట మీద టెక్నో అన్న మాట అచ్చయింది.

తొలినాటి టెక్నోలో బోలెడు ఆశ ఉంది. డెరిక్ మే 1987లో చేసిన ‘స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్’ వింటే మనసు తేలికపడుతుంది. మరి ఈనాడు క్లబ్బుల్లో వినిపించే నల్లటి, ఇనుము గీసినట్టుండే టెక్నో ఎక్కడి నుంచి వచ్చింది?

సగం జవాబు డెట్రాయిట్‌లోనే ఉంది. 1950లో ఆ నగర జనాభా 18.5 లక్షలు, 1990 నాటికి 10.3 లక్షలకు పడిపోయింది. ఒకప్పుడు ఖరీదైన కార్లు తయారైన ప్యాకార్డ్ ఫ్యాక్టరీ 1950లలో ఉత్పత్తి ఆపేసింది. పగిలిన కిటికీలతో మిగిలిన ఆ భవనంలోనే 1990లలో డీజే రిచీ హాటిన్ రాత్రంతా సాగే పార్టీలు పెట్టాడు. పరికరాలదీ ఇదే కథ. రోలాండ్ కంపెనీ 1983లో తెచ్చిన టీఆర్-909 డ్రమ్ మెషీన్ మార్కెట్లో నిలబడలేదు. సుమారు 10 వేలు తయారుచేసి ఆపేశారు. అసలు డ్రమ్ముల్లా మోగడం లేదని పెద్ద స్టూడియోలు పక్కనపెట్టిన ఆ యంత్రం సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో చవగ్గా దొరికింది. డబ్బు లేని కుర్రాళ్ల చేతికి అలా వచ్చింది.

మిగతా సగం ఐరోపాది. 1976లో లండన్‌లో త్రాబింగ్ గ్రిసిల్ బృందం ఇండస్ట్రియల్ రికార్డ్స్ అనే లేబుల్ పెట్టింది. తర్వాత ఒక సంగీత శాఖకే ఆ పేరు స్థిరపడింది. ఉక్కు ఊరు షెఫీల్డ్‌లో క్యాబరే వోల్టేర్ బృందం టేపులను కత్తిరించి అతికిస్తూ పాటలు కట్టింది. పశ్చిమ బెర్లిన్‌లో ఐన్‌స్టుర్ట్‌సెండె నోయ్‌బౌటెన్ బృందం డ్రమ్ముల స్థానంలో పాత ఇనుప సామాను, డ్రిల్లింగ్ మిషన్లు పెట్టుకుంది. ఇలాంటి బృందాల కోసం డిమిత్రి హేగెమాన్ అనే యువకుడు 1982లో బెర్లిన్‌లో ఏటోనల్ ఉత్సవం మొదలుపెట్టాడు.

రెండు సగాలనూ కలిపింది ఈ హేగెమానే. డెట్రాయిట్‌లో జెఫ్ మిల్స్ అనే రేడియో డీజే ఫైనల్ కట్ అనే బృందంలో ఉండేవాడు. టెక్నో తాళానికి ఇండస్ట్రియల్ మొరటుదనాన్ని జతచేసిన ఆ బృందం రికార్డును హేగెమాన్ లేబుల్ విడుదల చేసింది. ఆ వెంటనే మిల్స్ ఆ బృందాన్ని వదిలి మైక్ బ్యాంక్స్‌తో కలిసి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ నెలకొల్పాడు. ముసుగులు, సైన్యం తరహా దుస్తులు, పెద్ద కంపెనీలతో సంబంధం వద్దన్న పట్టుదల, ఇవన్నీ వాళ్ల గుర్తులు. టెక్నోకు కోపం నేర్పింది వీళ్లేనంటే తప్పులేదు.

1989 నవంబరులో బెర్లిన్ గోడ కూలింది. తూర్పు బెర్లిన్‌లో యజమానులెవరో తేలని భవనాలు వందల కొద్దీ ఖాళీగా పడి ఉన్నాయి. చోటు కోసం వెతుకుతున్న హేగెమాన్ బృందానికి లైప్‌ట్సిగర్ వీధిలో ఒక మెట్ల దారి కనిపించింది. యుద్ధానికి ముందు అక్కడ వెర్ట్‌హైమ్ అనే బ్రహ్మాండమైన డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉండేది. యూదు కుటుంబానికి చెందిన ఆ వ్యాపారాన్ని నాజీలు లాక్కున్నారు, భవనం బాంబులకు దెబ్బతింది, మిగిలినది 1950లలో నేలమట్టమైంది. భూమి కింది ఖజానా గది మాత్రం మిగిలింది. మందమైన ఉక్కు తలుపు, వరసలు వరసలుగా తుప్పు పట్టిన లాకర్ పెట్టెలు, తలకు తగిలేంత కిందికి ఉన్న కప్పు. 1991 మార్చిలో అక్కడ ట్రెజోర్ క్లబ్బు తెరిచారు. డీజే ఇనుప కటకటాల వెనక నిలబడేవాడు. జనం చెమట ఆవిరై కప్పుకు తగిలి, తుప్పు కలిసిన చుక్కలై మళ్లీ వాళ్ల బట్టల మీదే పడేది. తూర్పు కుర్రాళ్లూ పశ్చిమ కుర్రాళ్లూ మొదటిసారి పక్కపక్కన నిలబడి ఆడింది ఇలాంటి గదుల్లోనే. ఆ చోటుకు మెత్తటి పాట నప్పదు. అదే ఏడాది ట్రెజోర్ లేబుల్ 1వ నంబరు రికార్డు వచ్చింది: ‘సోనిక్ డిస్ట్రాయర్’. చేసింది అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్లే, ఎక్స్-101 అన్న మారుపేరుతో.

ఈ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా సంగీతకారుల దగ్గర, క్లబ్బుల దగ్గర ఆగిపోతారు. రికార్డును చెక్కిన మనిషి గురించి కూడా చెప్పుకోవాలి. డెట్రాయిట్‌లో నేషనల్ సౌండ్ కార్పొరేషన్ అనే చిన్న చోట రాన్ మర్ఫీ అనే పెద్దాయన పనిచేసేవాడు. మోటౌన్ లేబుల్ పాటలంటే ఆయనకు ప్రాణం. నైట్రోసెల్యులోజ్ పూత పూసిన అల్యూమినియం పళ్లెం మీద లేత్ మిషన్‌తో గాడి కోయడం ఆయన వృత్తి. ఆ గాడి నుంచే లోహపు అచ్చు తీస్తారు, అచ్చుతో వినైల్ రికార్డులు నొక్కుతారు. కోతలో పట్టు తప్పితే ఎంత గొప్ప పాటైనా క్లబ్బులో పస లేకుండా పోతుంది.

కిక్ డ్రమ్, బేస్ ఎంత బలంగా ఉంటే గాడి అంతగా అటూ ఇటూ ఊగుతుంది, అంత వెడల్పు చోటు తింటుంది. అందుకే ఒక వైపున ఒకటి రెండు పాటలే ఉంచి, 12 అంగుళాల రికార్డంతా వాటికే ఇచ్చేస్తారు. 12 అంగుళాల సింగిల్ 1976లో న్యూయార్క్ డిస్కో కాలంలో దుకాణాలకు వచ్చినప్పటి నుంచీ దీని బలం ఇదే. బేస్ ఎడమ కుడి స్పీకర్లలో వేర్వేరుగా ఉంటే గాడి లోతు మారిపోయి, గతుకుల రోడ్డు మీద బండిలా ముల్లు ఎగిరిపడుతుంది. కాబట్టి దాన్ని మధ్యకు చేర్చి మోనో చేస్తారు. నిమిషానికి 33 1/3 చుట్లు తిరిగే వేగంలో రికార్డు బయటి అంచు ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు సాగితే, 45లో సుమారు 69 సెంటీమీటర్లు సాగుతుంది. అందుకే 45లో హైహ్యాట్ చప్పుళ్లు స్పష్టంగా వస్తాయి. మర్ఫీకి ఇదంతా చేతి అలవాటు. డెడ్ వ్యాక్స్ అనే చివరి ఖాళీ పట్టీలో తన సంస్థ గుర్తుగా మూడక్షరాలు గీకేవాడు, సంగీతకారులు కోరితే వాళ్ల సందేశాలు కూడా. ఆ గీతలు చూసి రికార్డు కొన్నవాళ్లున్నారు.

జెఫ్ మిల్స్ 1994లో తెచ్చిన ‘సైకిల్ 30’లో ఇంకో అద్భుతముంది. అందులో కొన్ని గాళ్లు లోపలికి చుట్టుకుంటూ పోవు. ఒక చుట్టు పూర్తవగానే తమలోనే కలిసిపోతాయి, ముల్లు తీసేదాకా అదే ముక్క తిరుగుతూ ఉంటుంది. నిమిషానికి 33 1/3 చుట్లంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. అందులో నాలుగు దెబ్బలు పట్టిస్తే నిమిషానికి 133 దెబ్బలవుతాయి. టెక్నో డీజేలు వాడే వేగం సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

మార్క్ ఎర్నెస్టుస్ 1989లో బెర్లిన్‌లో తెరిచిన హార్డ్ వ్యాక్స్ దుకాణం డెట్రాయిట్ రికార్డులను పెట్టెలు పెట్టెలుగా తెప్పించింది. ఆయన మోరిట్స్ ఫాన్ ఓస్వాల్డ్‌తో కలిసి నడిపిన బేసిక్ ఛానెల్ తొలి రికార్డులను మర్ఫీ చేతే కోయించారు. 1990ల మధ్యలో డబ్‌ప్లేట్స్ అండ్ మాస్టరింగ్ అనే రికార్డు కోసే సంస్థ వచ్చాక ఆ నైపుణ్యం బెర్లిన్‌లోనూ పాదుకుంది.

అదే దశకంలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఇంకా ముందుకెళ్లింది. లోహపు పనికి పేరుపడ్డ ఆ ఊరిలో రీజిస్ పేరుతో పాటలు చేసే కార్ల్ ఓ'కానర్ 1993లో డౌన్‌వర్డ్స్ లేబుల్ పెట్టాడు. మరుసటి ఏడు దాని మీదే సర్జన్ అనే పేరుతో ఆంథొనీ చైల్డ్ తొలి రికార్డు వచ్చింది. దాన్ని రికార్డు చేసింది నేపామ్ డెత్ బృందం మాజీ డ్రమ్మర్ మిక్ హారిస్ స్టూడియోలో. ఇండస్ట్రియల్ టెక్నో అని నేడు దుకాణాల్లో అమ్ముడుపోయే దానికి ఈ బర్మింగ్‌హామ్ రికార్డులే అసలు మూసలు. స్వరం దాదాపు లేదు, ఉపశమనం లేదు, ఒకే లయ చిన్న చిన్న మార్పులతో మనిషిని పట్టి నిలుపుతుంది.

పాత ఖజానాలోని ట్రెజోర్ క్లబ్బు 2005లో మూతపడి, 2007లో పాత విద్యుత్ కేంద్రంలో మళ్లీ తెరుచుకుంది. 2024 మార్చిలో జర్మనీ తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో బెర్లిన్ టెక్నోను చేర్చింది. ఆ గౌరవం న్యాయమైనదే, అయితే అందులో డెట్రాయిట్ నల్లజాతి సంగీతకారుల వాటాను ప్రతిసారీ గట్టిగా చెప్పాలి.

రాన్ మర్ఫీ 2008లో కన్నుమూశారు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయాక, గాడి కోసే పళ్లేలకు ఒక జపాన్ కంపెనీయే పెద్ద దిక్కయింది. కొన్ని ప్రెస్సులు నేరుగా రాగి మీద కోస్తున్నాయి. డీజేల్లో ఎక్కువమంది ఫైళ్లే వాయిస్తున్నా చిన్న లేబుళ్లు కొన్ని వందల ప్రతుల చొప్పున కొత్త రికార్డులు వేస్తూనే ఉన్నాయి. ప్రెస్సు నుంచి ముందు నాలుగైదు నమూనా ప్రతులు వస్తాయి. వాటిని క్లబ్బులో పెద్ద స్పీకర్ల మీద పెట్టి చూస్తారు. కిక్ బలంగా లేకపోతే అచ్చు పక్కనపెట్టి మళ్లీ కోయిస్తారు.