సర్కండాలో ఉబ్బసం: బొగ్గు దుమ్మే కాదు, ఇంట్లోని పొగా కారణమే

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో అర్పా నదికి ఒక గట్టున రైల్వే స్టేషన్, రైల్వే కాలనీలు ఉంటాయి. వంతెన దాటితే సర్కండా. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో స్థిరపడ్డాయి. బొగ్గు రవాణా ఎక్కువగా ఉండే ఇలాంటి ఊళ్లో ఆయాసం వస్తే మొదట నింద పడేది బొగ్గు దుమ్ము మీదే. అది కొంతవరకే నిజం.

ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళాలు లోపల వాచి, సున్నితంగా ఉంటాయి. పడనిది తగలగానే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, కఫం పెరుగుతుంది. దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేయడం మొదలవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో 26.2 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. ఆ ఏడాది 4.55 లక్షల మంది చనిపోయారు.

బయటి గాలి

కోర్బా గనుల బొగ్గు రైళ్లు బిలాస్‌పూర్ మీదుగా వెళ్తాయి. సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు ధూళికి లారీల పొగ, చెత్త తగలబెట్టిన పొగ తోడవుతాయి. చలికాలంలో ఇవి పైకి పోకుండా నేలకు దగ్గరగా నిలిచిపోతాయి. పీఎం 2.5 సూక్ష్మధూళికి మన దేశం పెట్టుకున్న వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 5 మాత్రమే.

ఇంటి లోపల

చలికి తలుపులు మూసి వెలిగించే బొగ్గు సిగ్డీ (మన కుంపటి), అగరబత్తి, సిగరెట్ పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. ఒక్క దోమల కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన సూక్ష్మధూళి వస్తుందని 2003లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. దోమతెర మేలు.

వానాకాలంలో గోడల బూజు, పరుపుల్లో కంటికి కనిపించని డస్ట్ మైట్స్ పెరుగుతాయి. దుప్పట్లు, దిండు గలేబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. బొద్దింకల వ్యర్థాలూ ఉబ్బసాన్ని రేపుతాయి.

రుతువు మారితే

జలుబు, చలిగాలి, దీపావళి టపాసుల పొగ, ఖాళీ స్థలాల్లో మొలిచే వయ్యారిభామ పుప్పొడి కొందరికి పడవు. ఇక్కడివాళ్లు ఆ మొక్కను గాజర్ ఘాస్ అంటారు.

ఏం చేయాలి?

ఒకరికి పడనిది మరొకరికి పడవచ్చు. ఆయాసం వచ్చిన రోజు, చోటు, అప్పుడు చేస్తున్న పని రాసుకుంటే నెలా రెండు నెలల్లో కారణం దొరుకుతుంది. అయితే జాగ్రత్తలు మందుకు బదులు కావు. తక్షణ ఉపశమనమిచ్చే నీలం ఇన్‌హేలర్ ఒక్కదాని మీదే ఆధారపడితే లోపలి వాపు తగ్గదు. వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ డాక్టర్ రాస్తే, బాగున్నామని మధ్యలో మానకూడదు.

ఇన్‌హేలర్ వాడినా ఉపశమనం లేకపోయినా, మాట పూర్తిచేయలేకపోయినా, పెదవులు నీలబడినా రోగిని నిటారుగా కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి.