పడవ మీద బాతుల వేట: తుపాకి ఎవరిది? తెడ్డు ఎవరిది?



చలికాలం వచ్చిందంటే మన పోరగాళ్ల నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తది: "అన్నా, కోట్‌పల్లి ప్రాజెక్టుల బాతులు మస్తు దిగినయి. చిన్న పడవ దొరికితే వేట ఎట్ల మొదలుపెట్టాలె?" మా జవాబు ఒక్కటే: మొదలుపెట్టొద్దు. ఎందుకు వద్దో తెలవాలంటే కొంచెం చరిత్ర చూడాలె.

మన తాతలకు వేట అంటే ఆ పూట కూర. వల, ఉచ్చు, వడిసెల, అంతే. నవాబులకు, దొరలకు అది షికారు. మెదక్ దగ్గరి పోచారం నిజాం వేట మైదానంగ ఉండె. బాతుల షికారు పద్ధతి ఇది: తెల్లారకముందే తుంగ చాటుకు పడవ పెట్టి, పిట్టలు లేవంగనే కాల్చుడు. తుపాకి దొరది. తెడ్డు వేసుడు, పడ్డ పిట్టను నీళ్లల్లకెల్లి తెచ్చుడు పేదోని పని. కాల్చినోని పేరు పుస్తకాలకెక్కింది. తెడ్డు వేసినోని పేరు ఎవరూ రాయలే.

1952లో పోచారం అభయారణ్యం అయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పుడు కూడా వేట పూర్తిగా ఆగలేదు. బాతులను 'చిన్న వేట' జాబితాలో పెట్టి లైసెన్సులు ఇచ్చిండ్రు. తుపాకి, ఫీజు, ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక ఉన్నోనికి అది దారి. వల వేసి పట్టాలన్నా లైసెన్సే కావాలె. తండాలల్ల అది ఎంతమందికి అందుతది? 1991 సవరణతో ఆ లైసెన్సుల వేట కూడా బందయింది.

ఇప్పుడు చట్టంలో 'వేట' అంటే చంపుడే కాదు. పట్టుకున్నా, గుడ్లు తీసినా, గూడు చెదరగొట్టినా వేటనే. నేరం రుజువైతే మూడేండ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. సరదాకు తీసిన ఒక్క వీడియో మన తమ్ముని ఉద్యోగం ఆశను ముంచుతది.

"మరి 2006 అటవీ హక్కుల చట్టం ఉంది కదా?" అని కొందరు అడుగుతరు. ఉంది. కానీ సంప్రదాయ హక్కులు చెప్పే చోటనే వేట హక్కు మినహాయింపు అని రాసి ఉంది. అదే చట్టం అటవీ భూముల్లోని నీటి వనరుల మీద, చేపల మీద సమూహ హక్కు ఇస్తది. వన్యప్రాణులను కాపాడే అధికారం గ్రామసభకు ఇస్తది. పోయిన హక్కు కోసం కేసులపాలు కావద్దు, ఉన్న హక్కు అడుగుదాం.

ఒడిశాలో చిల్కా సరస్సు ఒడ్డున మంగళజోడి అనే ఊరు ఉంది. ఒకప్పుడు పిట్టల వేటకు పేరుమోసిన ఊరు. 2000 ప్రాంతంలో ఆ వేటగాళ్లే సంఘం పెట్టుకొని కాపలాదారులైండ్రు. ఇప్పుడు అవే నీళ్లల్ల పడవ తోస్తూ టూరిస్టులకు పిట్టలను చూపించి బతుకుతున్నరు. పిట్ట ఏ గడ్డిల కూసుంటదో వేటగానికంటే ఎవరికి బాగ తెలుసు?

1967లో కట్టిన మన కోట్‌పల్లి ప్రాజెక్టుల ఇయ్యాల కయాకింగ్ నడుస్తున్నది. వికారాబాద్, తాండూరు తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈత నేర్వండి, తెడ్డు పట్టండి, చక్రవాకమేదో చారల తల బాతేదో గుర్తుపట్టుడు నేర్వండి. ఒకప్పుడు తెడ్డు మన చేతిల ఉన్నా పేరు లేకుండె. ఈసారి పేరు మనదే కావాలె.