సాలార్‌జంగ్ మ్యూజియం: ఒక ఇంటి సేకరణ జాతి సంపద అయిన తీరు

హైదరాబాద్‌లో మూసీ నది దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫా ప్రాంతంలో ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం దేశంలోని పెద్ద కళా ప్రదర్శనశాలల్లో ఒకటి. ఇందులోని వస్తువుల్లో అత్యధిక భాగం ఒకే కుటుంబానివి. వాటిలోనూ ఎక్కువ ఒకే మనిషి కూడబెట్టినవి. ఆయన పోయాక ఆ సేకరణ చెల్లాచెదురు కాకుండా నిలిచి, చివరకు ప్రజల ఆస్తి కావడమే ఈ మ్యూజియం చరిత్రలో అన్నింటికన్నా విలువైన ఘట్టం.

సాలార్‌జంగ్‌లు నిజాం ప్రభువులకు దివాన్లుగా పనిచేసిన వంశంవారు. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853లో దివాన్ పదవి చేపట్టి, 1883లో మరణించేదాకా ముగ్గురు నిజాముల కాలంలో పాలన నడిపాడు. రెవెన్యూ వ్యవస్థను చక్కదిద్ది, హైదరాబాద్ సంస్థానాన్ని జిల్లాలుగా విభజించిన పాలకుడిగా ఆయనకు పేరు. ఆయన కుమారుడు మీర్ లాయఖ్ అలీ ఖాన్ రెండో సాలార్‌జంగ్. 1889లో ఆయన చిన్న వయసులోనే కన్నుమూసేనాటికి కొడుకు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ ఇంకా పసికందు. ఈ పసివాడే పెద్దయ్యాక మూడో సాలార్‌జంగ్ అయ్యాడు.

యూసుఫ్ అలీ ఖాన్ 1912లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దివాన్ అయ్యాడు. 1914లో ఆ పదవి వదిలాక మిగిలిన జీవితమంతా కళావస్తువుల సేకరణకే అంకితం చేశాడు. తాత, తండ్రి మిగిల్చిన వస్తువులకు తోడు ఐరోపాలో తానే తిరిగి ఎన్నో కొన్నాడు. ఆయన అభిరుచి సంగతి తెలిసిన వర్తకులు అమ్మకానికి సరుకు పట్టుకుని ఆయన నివాస భవనమైన దివాన్ దేవిడీకే వచ్చేవారు. పింగాణీ, పచ్చరాయి, దంతం, ఆయుధాలు, తివాచీలు, చిత్రాలు, రాతప్రతులు, గడియారాలు, బొమ్మలు ఇలా ఆయన ఏ ఒక్క కళకూ పరిమితం కాలేదు. పెళ్లి చేసుకోని ఆయన 1949 మార్చి 2న మరణించాడు. నేరుగా వారసులు లేకపోవడంతో అంతటి సంపద ఏమవుతుందన్న ప్రశ్న తలెత్తింది.

అప్పటి హైదరాబాద్ ప్రభుత్వం ఎస్టేట్ బాధ్యత చూడటానికి ఒక కమిటీని నియమించింది. వస్తువులన్నింటినీ ఒకచోట చేర్చి మ్యూజియంగా మలచాలన్న ఆలోచనకు హైదరాబాద్ పాలనాధికారి ఎం.కె. వెల్లోడి చొరవ తీసుకోగా, కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ వాటిని ఒక క్రమంలో అమర్చే పని చేశాడు. 1951 డిసెంబరు 16న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించాడు. నవాబు నివసించిన గదులే మొదటి గ్యాలరీలు అయ్యాయి.

ఆస్తిపై హక్కుల వ్యవహారం మరికొన్నేళ్లు సాగింది. 1958లో న్యాయస్థానం ద్వారా కుదిరిన రాజీతో కుటుంబ సభ్యులు సేకరణను భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి, మ్యూజియాన్నీ గ్రంథాలయాన్నీ కలిపి జాతీయ ప్రాధాన్యం గల సంస్థగా ప్రకటించింది. గవర్నర్ అధ్యక్షుడిగా ఉండే బోర్డుకు నిర్వహణ బాధ్యత అప్పగించారు. పాత దేవిడీ చాలకపోవడంతో దారుల్‌షిఫాలో కొత్త భవనం కట్టి, 1968లో మ్యూజియాన్ని అక్కడికి తరలించారు.

సందర్శకులు ఎక్కువగా గుమిగూడేది సంగీత గడియారం దగ్గర. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ నుంచి వచ్చిన ఈ గడియారంలో గంట పూర్తయ్యే వేళకు చిన్న తలుపు తెరుచుకుని, గడ్డం ఉన్న ఒక బొమ్మ బయటికి వస్తుంది. ఎంత సమయమైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. పక్కన కమ్మరి బొమ్మ మాత్రం ఆగకుండా సుత్తి ఆడిస్తూ సెకన్లు లెక్కిస్తుంది. మధ్యాహ్నం 12 గంటలకు 12 దెబ్బలు వినాలని జనం ముందే వచ్చి కూర్చుంటారు.

ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోనీ చెక్కిన ‘ముసుగు రెబెక్కా’ను మొదటి సాలార్‌జంగ్ 1876లో ఐరోపా పర్యటనలో సంపాదించాడు. బైబిల్ కథలో కాబోయే భర్త ఇస్సాకును చూసి రెబెక్కా ముసుగు వేసుకుంటుంది. ఇక్కడ ఆ ముసుగూ, దాని వెనుక కనిపించే ముఖమూ రెండూ పాలరాయే. గట్టిరాతిని పలచని బట్టలా చూపించడంలోనే శిల్పి నేర్పు ఉంది. ఒకే దుంగలో చెక్కిన మరో బొమ్మకు ముందువైపు సైతాను మెఫిస్టోఫిలిస్, వెనుకవైపు తలవంచిన యువతి మార్గరెట్టా ఉంటారు; వెనుక ఉంచిన అద్దంలో ఆమె కనిపిస్తుంది.

మ్యూజియం అంటే విదేశీ వింతలే కాదు. జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకునే కత్తి వంటి మొఘల్ పచ్చరాతి పనితనం ఇక్కడ ఉంది. ఖమ్మం ప్రాంతంలోని నేలకొండపల్లి నుంచి వచ్చిన బుద్ధ విగ్రహం తెలుగు నేలపై బౌద్ధానికి సాక్ష్యం. గ్రంథాలయంలోని అరబ్బీ, పారశీక, ఉర్దూ రాతప్రతులు పరిశోధకులకు పెద్ద ఆధారం.

స్థలం చాలక తర్వాతి కాలంలో భవనానికి రెండు పక్కలా కొత్త బ్లాకులు కట్టారు. ఐరోపా వస్తువులున్న పడమటి బ్లాకుకు తురాబ్ అలీ ఖాన్ పేరు, చైనా, జపాన్ వంటి తూర్పు దేశాల వస్తువులున్న తూర్పు బ్లాకుకు లాయఖ్ అలీ ఖాన్ పేరు పెట్టారు. మధ్య భవనంలో భారతీయ కళలు ఉంటాయి.